స్టేడియం నిండుతుంది, ఊరి మాటల్లో మాత్రం వినపడదు: అమెరికాలో ఐస్ హాకీ ఎందుకిలా?

మంజీరా తీరం

అందరికీ నమస్కారం. మేం డాలస్ వచ్చి రెండేళ్ళవుతోంది. ఏప్రిల్ చివర్లో ఆఫీసులో ఒకాయన దగ్గర టికెట్ మిగిలితే మొదటిసారి ఇక్కడి ఐస్ హాకీ జట్టు డాలస్ స్టార్స్ ప్లేఆఫ్ మ్యాచ్‌కి వెళ్ళాను. 18 వేల పైచిలుకు సీట్లు, ఒక్కటీ ఖాళీ లేదు. జాతీయ గీతంలో 'స్టార్స్' అన్న మాట వచ్చినప్పుడల్లా హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. నాకు ఒళ్ళు జలదరించింది. ఆట మొదలయ్యాక ఎవరు ఎటు పోతున్నారో సగం అర్థం కాలేదు గానీ, మూడు పీరియడ్లూ కుర్చీ అంచునే కూర్చున్నాను.

మర్నాడు లంచ్‌లో దాని గురించి మాట్లాడుకోవచ్చని ఎంతో ఉత్సాహంగా వెళ్ళాను. టేబుల్ చుట్టూ పది మందిమి. మా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్, కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవర్ని తీసుకుంటారన్నదే అందరి మాటా. ఫుట్‌బాల్ సీజన్‌కి ఇంకా నాలుగు నెలలుంది! రాత్రి మ్యాచ్ సంగతి నేనే ఎత్తితే ఇద్దరు "ఓ, గెలిచారా?" అని మళ్ళీ డ్రాఫ్ట్‌లోకి వెళ్ళిపోయారు.

ఇంత నిండే ఆట ఊళ్ళో ఎందుకు వినపడదు? ఏళ్ళ తరబడి ఇక్కడున్నవాళ్ళు చెప్పండి. ఇంకో కారణంతో కూడా అడుగుతున్నాను. మా అబ్బాయికి ఏడేళ్ళు. టీవీలో ఆ మ్యాచ్ చూసి తనూ నేర్చుకుంటానని పట్టుబట్టాడు.

బే ఏరియా బాబాయ్

ఐస్ కావాలి కదండీ దానికి. సగం దేశంలో చలికాలంలో కూడా చెరువు గడ్డకట్టదు. నాకు తెలిసి అసలు కారణం అదే.

మిన్నెసోటా మంచు

బాబాయ్ గారు ఒక్క ముక్కలో చెప్పేశారు. చెరువు గడ్డకట్టే చోట ఏం జరుగుతుందో నేను చెబుతాను. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం.

మా పక్కింటాయన ఏటా థాంక్స్‌గివింగ్ అవగానే పెరట్లో చుట్టూ చెక్కలు నిలబెట్టి, ప్లాస్టిక్ షీట్ పరిచి నీళ్ళు పడతాడు. జనవరిలో రాత్రి పదకొండింటికి మైనస్ ఇరవై చలిలో గొట్టం పట్టుకుని పొరమీద పొర తడుపుతూ కనిపిస్తాడు. తెల్లారేసరికి అద్దంలా ఉంటుంది. వీధిలో పిల్లలంతా అక్కడే. పక్, అదే ఈ ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళ, వెళ్ళి చెక్కకి కొట్టుకునే 'ఠక్' చప్పుడు వింటూనే నేను వంట చేస్తాను. మా ఇద్దరు పిల్లలూ స్కేటింగ్ ఆ పెరట్లోనే నేర్చుకున్నారు, మాకు పైసా ఖర్చు కాలేదు. మార్చిలో సెయింట్ పాల్‌లో హైస్కూల్ పిల్లల రాష్ట్ర టోర్నమెంట్ జరుగుతుంది. 1945 నుంచీ ఉంది. పదహారు పదిహేడేళ్ళ కుర్రాళ్ళ ఆటకి పెద్ద లీగ్ మ్యాచ్‌కి వచ్చినంత జనం వస్తారు. మా ఆఫీసులో ఆ వారం ఎవరికీ పని మీద ధ్యాస ఉండదు.

కాబట్టి తమ్ముడూ, 'అమెరికాలో' అని కలిపి అడిగితే జవాబు దొరకదు. మిన్నెసోటా, మిషిగన్, మసాచుసెట్స్, న్యూయార్క్ పైభాగం, ఇలా ఉత్తరాది రాష్ట్రాల్లో ఇది ఇంటి ఆట. 1980లో లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్‌లో సోవియట్ యూనియన్‌ని 4-3తో ఓడించిన జట్టుని ఇక్కడివాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. దేశం మొత్తానికి ప్రాతినిధ్యం వహించిన ఆ 20 మందిలో 12 మంది మిన్నెసోటా వాళ్ళే. కోచ్ హెర్బ్ బ్రూక్స్ కూడా మా సెయింట్ పాల్ మనిషే. ఆట ఎంత కొద్ది చోట్ల పాతుకుందో ఆ లెక్కలోనే తెలుస్తుంది.

ఇంకో మాట. మీరు చూసొచ్చిన డాలస్ జట్టు 1993 దాకా మా జట్టే. నార్త్ స్టార్స్ అనేవారు. యజమాని అక్కడికి తీసుకెళ్ళిపోయాడు. ఆ సంగతెత్తితే మా పక్కింటాయన ముఖం ఇప్పటికీ మారిపోతుంది.

ఫ్రిస్కో నాన్న

మంజీరా గారూ, మీ బాబు సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మావాడు ఆరేళ్ళ నుంచీ ఆడుతున్నాడు, ఇప్పుడు పదమూడు.

నా ఉద్దేశంలో అసలు సంగతి చలి కాదు. మనకి క్రికెట్ ఎలా అబ్బింది? గోడ మీద బొగ్గుతో మూడు గీతలు, ఒక టెన్నిస్ బంతి, కొబ్బరి మట్టతో బ్యాటు. బాస్కెట్‌బాల్‌కి అపార్ట్‌మెంట్ వెనక ఒక రింగు చాలు, ఒక్కడే పిల్లాడైనా గంటలు గంటలు ఆడుకుంటాడు. ఐస్ హాకీలో అసలు ఆట మొదలవకముందే ఇంకో విద్య రావాలి. ముందు స్కేటింగ్ నేర్చుకోవాలి, నిలబడటం రావాలి, ఆగటం రావాలి. అది ఎక్కడపడితే అక్కడ కుదరదు. రింక్‌కి, అంటే మంచు పరిచిన హాలుకి, కారులో తీసుకెళ్ళాలి, గంట లెక్కన కట్టాలి. డాలస్‌లో వేసవి కాక మీకు తెలుసు కదా, బయట నలభై డిగ్రీలుంటే లోపల మంచుని గడ్డకట్టి ఉంచాలి. ఆ కరెంటు బిల్లు ఎవరో ఒకరు కట్టాలి, ఆ ఎవరో మనమే.

మా శనివారాలు ఇలా ఉంటాయి. ఐస్ దొరికేది పొద్దున 5.45కి. నాలుగున్నరకి లేస్తాం. వాడికి ఏడేళ్ళప్పుడు రబ్బరు చాప మీద మోకాళ్ళూని కూర్చుని స్కేట్ లేసులు నేనే కట్టేవాణ్ణి. గట్టిగా లాగకపోతే మడమ కదులుతుంది, లాగితే వాడు కేకలు. నా చూపుడు వేళ్ళ మీద ఎర్రటి గీతలు పడేవి. మోకాళ్ళకీ భుజాలకీ మోచేతులకీ కవచాలు, గ్లోవ్స్, హెల్మెట్, నోట్లో గార్డు, ఇవన్నీ తొడిగేసరికి ఇరవై నిమిషాలు. ఏడాదికో సైజు పెరుగుతాడు, మళ్ళీ అన్నీ కొనాలి. ఇప్పుడు మావాడు వాడే స్టిక్కే 200 డాలర్లు, విరిగితే అంతే. వేరే ఊళ్ళకెళ్ళి ఆడే ట్రావెల్ టీమ్‌లోకి వెళ్ళాక ఫీజులు, హోటళ్ళు, పెట్రోలు కలిపి ఏడాదికి వేలల్లో పడుతుంది.

తెలిసే మొదలుపెట్టాం, వాడి ముఖంలో ఆనందం చూశాక పశ్చాత్తాపం కూడా లేదు. కానీ ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళకే ఇది కుదిరితే, మిగతా పిల్లలకి ఆట మీద ప్రేమ ఎక్కణ్ణించి వస్తుంది? చేత్తో పట్టని ఆటని పెద్దయ్యాక టీవీలో చూడాలనీ అనిపించదు.

సందులో క్రికెట్

ఫ్రిస్కో అన్నా, మీరు రాసింది మనసుకి తగిలింది. కానీ పూర్తిగా ఒప్పుకోలేను. చేత్తో పట్టినంత మాత్రాన అభిమానం వచ్చేస్తే సాకర్ ఇక్కడ ఎప్పుడో మొదటి స్థానంలో ఉండాలి. మా కాలనీలో సాకర్ ఆడని పిల్లాడే లేడు. ఒక్క బంతి చాలు. అయినా ఏళ్ళ తరబడి పెద్దవాళ్ళు దాన్ని టీవీలో చూడలేదు. ఇంకోవైపు ఫుట్‌బాల్‌కి హెల్మెట్టూ ప్యాడ్లూ అన్నీ కావాలి, అదీ ఖరీదే. చూసేవాళ్ళలో ముప్పాతిక మంది జన్మలో ఆ ప్యాడ్లు వేసుకుని ఉండరు. మరి అది ఎందుకు రాజ్యమేలుతోంది?

సర్వేలు చేసే గాలప్ వాళ్ళు చూడటానికి ఏ ఆట ఇష్టమని 2017లో అడిగితే 37 శాతం ఫుట్‌బాల్ అన్నారు. ఐస్ హాకీ అన్నవాళ్ళు 4 శాతం. ఇంత తేడాని ఖర్చొక్కటే చెప్పలేదు.

ఫ్రిస్కో నాన్న

మంచి ప్రశ్న తమ్ముడూ. ఒక తేడా గమనించు. ఫుట్‌బాల్ ఖర్చు చాలావరకు బడి మోస్తుంది. టెక్సస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ స్టేడియాలు చూశావుగా. శుక్రవారం రాత్రి ఆడే కుర్రాడొకడు, బ్యాండు వాయించేవాళ్ళు వందమంది, చీర్‌లీడర్లు, వాళ్ళ అమ్మానాన్నలు, తాతలు, పాత విద్యార్థులు అందరూ అక్కడే ఉంటారు. ఆడకపోయినా ఆ ఆట నీదే అవుతుంది. తరవాత కాలేజీ, అక్కడా అదే. ఐస్ హాకీకి మొదటి డివిజన్‌లో పురుషుల జట్లున్న కాలేజీలు దేశం మొత్తం మీద అరవై చిల్లర. బాస్కెట్‌బాల్‌కి 350 పైనే. మా వాడి హైస్కూల్లో ఈ ఆట బడి ఆటే కాదు, క్లబ్ ఆట. వాడు గోల్ కొట్టిన సంగతి క్లాసులో ఎవరికీ తెలియదు.

సో, 'ఆడటం' అన్న మాట వెనక్కి తీసుకుంటాను. ఆట మధ్యలో పెరగటం అని ఉండాల్సింది.

మిన్నెసోటా మంచు

అవును, అదే. మా దగ్గర బడి ఆట కాబట్టే ఊరు ఊరంతా కదులుతుంది.

పాత రేడియో

న్యూజెర్సీలో 1987 నుంచి ఉంటున్నాను. ఇందాకటి నుంచి ఎవరూ టీవీ మాట ఎత్తలేదు. నా దృష్టిలో ఈ ఆట ఎక్కువగా నష్టపోయింది అక్కడే, అదీ చాలావరకు లీగ్ పెద్దల చేతుల్లోనే.

1942 నుంచి 1967 దాకా, ఈ ఆటలో అతి పెద్ద లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నవి ఆరే జట్లు. అమెరికావి నాలుగు: బోస్టన్, న్యూయార్క్, షికాగో, డెట్రాయిట్. దేశమంతా ఇంటింటికీ టీవీ వచ్చి, ఫుట్‌బాల్ దాని మీదెక్కి ఊరేగుతున్న కాలం అది. 1967లో ఒక్కసారిగా ఆరు కొత్త జట్లు చేర్చి, లాస్ ఏంజెలెస్, సెయింట్ లూయిస్ లాంటి ఊళ్ళకి వెళ్ళారు. కానీ 1975 తరవాత దాదాపు ఇరవై ఏళ్ళపాటు పెద్ద నెట్‌వర్క్ ఏదీ సీజన్ పొడుగునా క్రమం తప్పకుండా చూపించలేదు. 1980లో రష్యా మీద గెలిచినప్పుడు ఇల్లిల్లూ ఊగిపోయింది. ఆ మ్యాచ్‌ని కూడా సాయంత్రం ఆడితే రాత్రికి రికార్డు వేశారు. సరే, ఆ పిల్లల్ని చూసి మనసు పడ్డవాడు మర్నాటి నుంచి ఏ చానెల్ పెట్టుకోవాలి? అలాంటిదేమీ లేదు.

ఇంకా బాధ కలిగించేది 1988. ఆగస్టులో వేన్ గ్రెట్జ్‌కీని ఎడ్మంటన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి తెచ్చారు. ఆ ఆటలో ఆయనంతటివాడు లేడు. హాలీవుడ్ తారలు టికెట్ల కోసం ఎగబడ్డారు. సరిగ్గా అదే ఏడాది లీగ్ ఎక్కువ డబ్బు వస్తుందని ఈఎస్‌పీఎన్‌ని వదిలి స్పోర్ట్స్ చానెల్ అమెరికా అనే చిన్న కేబుల్ చానెల్‌కి వెళ్ళింది. చాలా ఇళ్ళకి అది రాదు. నేనప్పుడు పెళ్ళికాని కుర్రాణ్ణి, నా గదిలోనూ వచ్చేది కాదు. దేశమంతా గ్రెట్జ్‌కీ పేరు విన్నారు, ఆట చూసినవాళ్ళు తక్కువ. నాలుగేళ్ళు అలా గడిచిపోయాయి.

తరవాత 1994లో న్యూయార్క్ రేంజర్స్ 54 ఏళ్ళకి లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచారు. మా ఆఫీసంతా పండగే. ఇక అందుకుంది అనుకున్నాం. ఆ శరత్కాలంలోనే యజమానులకీ ఆటగాళ్ళకీ గొడవొచ్చి లాకౌట్ అయింది, దాదాపు సగం సీజన్ పోయింది. 2004-05లో సీజన్ మొత్తాన్నే రద్దు చేశారు. స్టాన్లీ కప్ ఎవరికీ ఇవ్వకుండా పోవడం 1919లో ఫ్లూ మహమ్మారి తరవాత అదే మొదలు. తిరిగొచ్చేసరికి ఈఎస్‌పీఎన్ లేదు, వేట, చేపలు పట్టడం చూపించే ఓఎల్ఎన్ అనే చానెల్‌లో పెట్టారు. ఈఎస్‌పీఎన్‌కి మళ్ళీ చేరింది 2021లో. మధ్యలో ఒక తరం పిల్లలు రోజూ చూసే ముఖ్యాంశాల్లో ఈ ఆట లేకుండానే పెద్దవాళ్ళయ్యారు. మీ లంచ్ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళు వాళ్ళేనండి.

బే ఏరియా బాబాయ్

పాత రేడియో గారికి దండం. ఇదంతా తెలియదు నాకు.

కానీ టీవీలో చూపించినా ఆ పక్ కనపడదండీ. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, నల్లటి రబ్బరు బిళ్ళ. గంటకి వంద మైళ్ళతో వెళితే చూసేవాడికి ఏం తెలుస్తుంది? గోల్ అయ్యాక రీప్లేలో చూడాల్సిందే.

సందులో క్రికెట్

దానికోసం 1996లో ఫాక్స్ వాళ్ళు పక్ లోపల ఎలక్ట్రానిక్స్ పెట్టి, తెర మీద దాని చుట్టూ నీలం వెలుగు వచ్చేట్టు చేశారు. గట్టిగా కొడితే వెనక ఎర్రటి తోక. పాత అభిమానులకి ఒళ్ళు మండింది, రెండేళ్ళకి తీసేశారు.

నాకు మాత్రం పక్ కంటే ఆగని ఆటే టీవీకి ఇబ్బంది అనిపిస్తుంది. ఫుట్‌బాల్‌లో ఐదారు సెకన్ల ఆట, అరనిమిషం విరామం. ఆ విరామంలోనే రీప్లే, వ్యాఖ్యానం, మనలో మనకి వాదన, చిప్స్ తెచ్చుకోవటం. క్రికెట్లో బంతికీ బంతికీ మధ్య జరిగేది అదే కదా. ఇక్కడ ఆట నడుస్తుండగానే నలభై, యాభై సెకన్లకొకసారి మనుషులు మారిపోతుంటారు. ఎంత పెద్ద ఆటగాడైనా అరవై నిమిషాల్లో ఐస్ మీద ఉండేది మామూలుగా ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. పైగా హెల్మెట్‌లో ముఖం సరిగా కనపడదు. ఎన్‌బీఏలో స్టార్ 48 నిమిషాల్లో ముప్పై అయిదు ఆడతాడు, వాడి చెమట చుక్క కూడా కెమెరాకి కనపడుతుంది. కానర్ మెక్‌డేవిడ్ ఇవాళ ఈ ఆటలో అగ్రశ్రేణి ఆటగాడు. డాలస్ మాల్‌లో నడిచి వెళ్తే ఎంతమంది గుర్తుపడతారు?

మంజీరా తీరం

హాల్లో కూర్చున్నప్పుడు నాకు పక్ బాగానే కనిపించింది! ఆటగాళ్ళందరూ ఎటు వంగుతున్నారో చూస్తే చాలు, అది అక్కడే ఉంటుంది. ఇంటికొచ్చి టీవీలో చూస్తే ఆ వేగం సగం కూడా తెలియలేదు. గాజు గోడకి మనిషి కొట్టుకున్నప్పుడు మా సీట్లు అదిరాయి, టీవీలో అదేమీ లేదు. స్టేడియం నిండటానికీ టీవీ ఖాళీగా ఉండటానికీ కారణం ఇదేనేమో అనిపిస్తోంది.

డెట్రాయిట్ అక్క

ఎవరూ ఎత్తని ఒక మాట చెబుతాను, నొచ్చుకోకండి. మా అమ్మాయి తొమ్మిదేళ్ళప్పుడు మొదలుపెట్టింది. మొదటి రోజు రింక్‌లో మన రంగువాళ్ళం మేమొక్కళ్ళమే. ఎవరూ చెడుగా చూడలేదు, ఒకావిడ దగ్గరకొచ్చి మరీ నెక్ గార్డ్ ఎలా కట్టాలో చూపించింది. కానీ పిల్ల కారెక్కాక అడిగింది, "అమ్మా, మనవాళ్ళు ఇది ఆడరా?" అని. ఏం చెప్పాలో తోచలేదు.

విల్లీ ఓరీ 1958లో బోస్టన్ తరఫున దిగాడు, ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి నల్లజాతి ఆటగాడు. ఒక కన్ను కనపడని సంగతి దాచిపెట్టి మరీ ఆడాడు. ఆయన తరవాత ఇంకొకరు రావడానికి 1974 దాకా పట్టింది. బేస్‌బాల్లో జాకీ రాబిన్‌సన్ 1947లో వచ్చాక తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. బాస్కెట్‌బాల్‌నీ ఫుట్‌బాల్‌నీ ఇవాళ మోస్తున్నది ఎక్కువగా నల్లజాతి ఆటగాళ్ళే. ఆ పాటలూ బట్టలూ బూట్లూ భాషా అన్నీ వాళ్ళతో పాటు కుర్రకారు బతుకులోకి వచ్చాయి. ఐస్ హాకీకి ఆ గాలి తగల్లేదు. నగరాల నడిబొడ్డున రింకులు ఎక్కడున్నాయి? ఖర్చు గురించి ఫ్రిస్కో తమ్ముడు చెప్పిందీ ఇదీ ఒకే తాడుకి రెండు కొసలు.

మా ఊళ్ళో ప్రేమకి మాత్రం లోటు లేదు. ప్లేఆఫ్స్ వస్తే ఐస్ మీదికి ఆక్టోపస్ విసురుతారు, నిజం ఆక్టోపస్సే! 1952లో కప్ గెలవాలంటే ఎనిమిది మ్యాచ్‌లు నెగ్గాలి, దానికి ఎనిమిది కాళ్ళు కాబట్టి ఒక చేపల కొట్టు కుటుంబం మొదలుపెట్టిందట. 2024లో ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్ మొదలయ్యాక మా పిల్ల గది గోడ మీద పోస్టర్లన్నీ మారిపోయాయి.

మిన్నెసోటా మంచు

ఆ లీగ్‌లో మొదటి రెండు కప్పులూ మావే అక్కా! మీ పాపకి చెప్పండి.

అట్లాంటా నుంచి

మాకు జట్టు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ కెనడాకే పోయింది. 1980లో కాల్గరీకి, 2011లో విన్నిపెగ్‌కి. మొదటిసారి నేను లేను. రెండోసారి మా పెద్దాడికి పదేళ్ళు. వాడి జెర్సీ ఇప్పటికీ బీరువాలో ఉంది, ఎవరికీ ఇవ్వనివ్వడు. ఎండ ఊళ్ళో జనం రారు కాబట్టి పోయిందని తేలిగ్గా అంటారు. జట్టు ఉన్న పన్నెండేళ్ళలో ప్లేఆఫ్స్‌కి చేరింది ఒక్కసారి, అక్కడా ఒక్క మ్యాచ్ గెలవలేదు. యజమానులు వాళ్ళలో వాళ్ళే కోర్టుల్లో కొట్టుకున్నారు. అలాంటి జట్టుకి ఎవరు అలవాటు పడతారు? టాంపా కూడా ఎండ ఊరే, మూడు కప్పులు గెలిచింది, అక్కడ హాలు నిండుతుంది. లాస్ వేగాస్ ఎడారే, 2017లో జట్టు వచ్చింది, 2023లో కప్ వచ్చింది. దయచేసి అన్నీ ఎండ మీదకి నెట్టకండి.

బే ఏరియా బాబాయ్

మీరు చెప్పింది నిజమే, ఒప్పుకుంటున్నాను. మా శాన్ హోసే కూడా ఎండ ఊరే, ఇక్కడా జట్టు నిలబడింది. తొందరపడి రాశాను.

ఓరుగల్లు కోట

ఒక చిన్న బాధ నాది. నెలనెలా డబ్బు కట్టి ఒక యాప్ తీసుకున్నాను. అందులో దేశంలోని జట్లన్నీ వస్తాయి, మా ఊరి జట్టు ఆట తప్ప! స్థానిక ప్రసార హక్కులు వేరేవాళ్ళవట, దానికి ఇంకో చందా. బయటూరి జట్ల కోసం నేనెందుకు కడతాను? నెల చూసి మానేశాను. కొత్తగా ఇష్టపడుతున్నవాణ్ణి గుమ్మంలోనే ఆపేస్తే ఎలా?

ఫ్రిస్కో నాన్న

అట్లాంటా గారి మాటకి ఒకటి కలుపుతాను. 1996లో ఫీనిక్స్‌కి విన్నిపెగ్ జట్టుని తెచ్చారు. అప్పుల మీద అప్పులు, స్టేడియం తగాదాలు, చివరికి 2024లో ఆటగాళ్ళంతా యూటాకి వెళ్ళిపోయారు. అంతా దండగ అన్నారు. కానీ ఆ మ్యాచ్‌లు చూస్తూ స్కాట్స్‌డేల్‌లో పెరిగిన పిల్లాడే ఆస్టన్ మాథ్యూస్. 2016 డ్రాఫ్ట్‌లో దేశదేశాల కుర్రాళ్ళందరికంటే ముందు వాణ్ణే తీసుకున్నారు. మా దగ్గరా అంతే. 1993కి ముందు డాలస్‌లో రింకులు వేళ్ళ మీద లెక్కపెట్టేవి. 1999లో స్టార్స్ కప్ గెలిచారు, శివార్లలో ఒక్కొక్కటిగా రింకులు కట్టారు. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, మనవాళ్ళ ఇళ్ళున్న చోటల్లా ఒకటుంది. మా వాడి జట్టులో ఇప్పుడు ముగ్గురు భారతీయ పిల్లలు, అందులో ఇద్దరు తెలుగువాళ్ళు. ఆరేళ్ళ క్రితం మావాడొక్కడే.

మంజీరా తీరం

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. మా ఆవిడకి కూడా వినిపించాను. డెట్రాయిట్ అక్క పాప అడిగిన ప్రశ్న దగ్గర తను ఆగిపోయింది. "మనవాడూ అడుగుతాడు, అప్పుడేం చెబుదాం?" అంది. ఫ్రిస్కో అన్న జట్టులో ఇద్దరున్నారని చెప్పాను.

శనివారం వాణ్ణి స్కేటింగ్ నేర్పే క్లాసుకి తీసుకెళ్తున్నాం. ముందే అన్నీ కొనాలా అన్నా? పడితే దెబ్బలు బాగా తగులుతాయా? వాడికి లేని టెన్షన్ నాకుంది.

ఫ్రిస్కో నాన్న

ఏమీ కొనకండి. స్కేట్స్ అక్కడే అద్దెకిస్తారు. సైకిల్ హెల్మెట్, చేతులకి మామూలు గ్లోవ్స్ చాలు. మొదటి రోజు పడటం ఎలాగో, పడ్డాక లేవటం ఎలాగో, అదే నేర్పిస్తారు. ఆడతానని గట్టిగా అంటే మావాడికి చిన్నవైపోయిన ప్యాడ్లు గరాజ్‌లో ఉన్నాయి, వచ్చి తీసుకెళ్ళండి. కాస్త వాసన వస్తాయి, రెండు రోజులు ఎండలో పెడితే పోతుంది.

మిన్నెసోటా మంచు

చలి కదా అని మందపాటి సాక్స్ వేయకండి తమ్ముడూ, అందరూ చేసే తప్పు అదే. కాలు లోపల జారుతుంది, మడమ ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది. పలచని సాక్స్ ఒక్క జత చాలు. పొడివి ఇంకో జత సంచిలో పెట్టుకోండి, బయటికి రాగానే మార్చాలి.